కాళ్లలో మెదడున్న సాలీడు

ఈ సంక్రాంతి సెలవులకి చిలకలూరిపేట వెళ్లినప్పుడు ఒకరోజు పొద్దున్నే నాన్నతో మిరప చేనుకి వెళ్లా. హాస్టల్లో ఎనిమిదిన్నర దాకా ముసుగు తీయని నేను ఆరున్నరకల్లా గట్టు మీద ఉన్నానంటే నాకేదో జ్ఞానోదయం అయిందని కాదు. మొదటి కోత నడుస్తోంది, కూలీలకి టీ ఫ్లాస్కు మోసే డ్యూటీ నాది.

ఆ రోజు మంచు బాగా పడింది. చేను చుట్టూ నాన్న వేసిన జొన్న వరసల్లో, రెండు ఆకుల మధ్య, రూపాయి బిళ్ళంత వల ఒకటి మెరుస్తూ కనిపించింది. ఒక్కో పోగు మీద మంచు చుక్కలు వరసగా, పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. ఫోన్ దగ్గరగా పెట్టి చూశా. వల నడిమధ్యలో ఆవగింజ కన్నా చిన్న చుక్క. జూమ్ చేస్తే ఆ చుక్కకి కాళ్లున్నాయి!

"ఏందమ్మా అంతసేపు? టీ చల్లారిపోద్ది," అన్నాడు నాన్న.

"నాన్నా, ఇంత పురుగుకి ఇంత కరెక్టుగా అల్లడం ఎట్టా వచ్చిందంటావ్?"

"దానిక్కూడా ఇంజనీరింగ్ సీటొచ్చిందేమో," అని నాన్న నవ్వుకుంటా ముందుకెళ్లిపోయాడు.

నాన్నది జోకే గానీ, నా ప్రశ్న మాత్రం నాతో పాటు బస్సెక్కి హాస్టల్‌కి వచ్చేసింది. అది పిల్ల సాలీడని తర్వాత తెలిసింది. మా వైపు చేలల్లో మామూలుగా కనిపించే నియోస్కోనా లాంటి రకాల పిల్లలు గుడ్డు సంచిలోంచి బయటపడ్డాక, ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఇలా గుండ్రటి వలలు అల్లేస్తాయి. సరే, అది పెరిగి పెద్దదవుతుంది. కానీ జీవితాంతం అంతకంటే చిన్నగానే ఉండి, అయినా చక్రం లాంటి వల అల్లే సాలీళ్లు ప్రపంచంలో ఒక కుటుంబమే ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించి. చివర్లో మళ్లీ మా మిరప చేను దగ్గరికి వద్దాం, ఎందుకంటే నాకు అసలు పని అక్కడే ఉంది.

ముందు వల సంగతి

తెలుగులో ఈ జీవికి సాలీడు అనే పేరు నేతపని నుంచే వచ్చింది. సాలె అంటే నేత నేసేవాళ్లు. పత్తి పండే మా ప్రాంతంలో, పక్కనే చీరాల మగ్గాలున్న చోట, ఈ పేరు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సంస్కృతంలో ఊర్ణనాభం అంటారు, బొడ్డులో ఉన్ని ఉన్నది అని అర్థం. నిజానికి దారం వచ్చేది బొడ్డులోంచి కాదు, పొట్ట చివర ఉన్న చిన్న చిన్న మొనల్లోంచి. అయినా ఆ కాలానికి అది గొప్ప పరిశీలనే.

మన సాహిత్యంలో సాలీడు అనగానే గుర్తొచ్చేది శ్రీకాళహస్తి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పదహారో శతాబ్దంలో ధూర్జటి ఈ స్థల మహిమనే కావ్యంగా రాశాడు. సాలీడు శివలింగం మీద తన దారంతో గుడి కట్టడం, దీపం సెగకి అది కాలిపోతే దీపాన్నే మింగబోవడం మనం చిన్నప్పుడు విన్న కథే. నాకు ఇందులో నచ్చేది పేరులోని వరస. ఏనుగు చివర, పురుగు ముందు!

ఇక ఇంజనీరింగ్ కోణం. చక్రం లాంటి వలని బండి చక్రంతో పోల్చుకోండి. మధ్య నుంచి అంచుకి వెళ్లే పోగులు చక్రానికి ఆకుల్లాంటివి. కట్టే పని వరస ఇలా ఉంటుంది:

ముందు సాలీడు ఒక పోగుని గాలికి వదులుతుంది. అది ఎదుటి కొమ్మకి తగులుకుంటే వంతెన సిద్ధం. దాని నుంచి కిందికి దిగి ఇంకో పోగు, తర్వాత చుట్టూ చట్రం, తర్వాత ఒక్కొక్కటిగా ఆకులు. ఇక్కడి దాకా అంతా పొడి దారమే. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి వెడల్పు వెడల్పుగా ఒక పొడి సుడి వేస్తుంది. ఇది మేస్త్రీలు కట్టే పరంజా లాంటిది. పరంజా మీద నడుస్తూ, ఈసారి బయట నుంచి లోపలికి, అసలైన జిగురు సుడి చుడుతుంది. జిగురు సుడి ముందుకెళ్లే కొద్దీ పాత పరంజాని తెంచేస్తుంది. ప్రతి ఆకు దగ్గరా ఆగి, వెనక చుట్టు ఎక్కడుందో కాలితో తడిమి చూసుకుని, అంతే దూరంలో కొత్త చుట్టు అతికిస్తుంది. కళ్లతో కాదండోయ్, చాలా రకాలు ఈ పనంతా చీకట్లోనే చేస్తాయి.

అంటే ఇదొక అల్గారిథం. సెన్సర్ రీడింగ్, మెమరీ, నిర్ణయం, మళ్లీ రీడింగ్. వందల సార్లు. ఒక్క వల పూర్తయ్యేలోపు ఇన్ని నిర్ణయాలు తీసుకోవాలంటే మెదడు కావాలి. మరి మెదడు పెట్టుకోవడానికే చోటు లేని ఒంట్లో ఈ పని ఎలా?

అతి చిన్న నేతగాళ్లు

1931లో వి.వి. హిక్‌మన్ అనే జంతుశాస్త్రవేత్త ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో దొరికిన ఒక చిట్టి సాలీడుని వర్ణించి, దానికోసం కొత్త కుటుంబమే ఏర్పాటు చేశాడు. పేరు సింఫిటోగ్నాతిడే. నోరు తిరగడం కష్టమే గానీ అర్థం సులువు: కలిసిపోయి పెరిగిన దవడలు. మామూలు సాలీడుకి కోరలు మోసే రెండు దవడలు విడివిడిగా కదులుతాయి. వీటికి మొదట్లో అవి రెండూ అతుక్కుపోయి ఉంటాయి.

1977లో రే ఫార్‌స్టర్, నార్మన్ ప్లాట్నిక్ ఈ కుటుంబాన్ని మళ్లీ పరిశీలించి, ఇందులో కలిపేసిన కొన్ని దగ్గరి చుట్టాలని వేరు చేశారు. ఆ వ్యాసంలోనే కొలంబియాలోని డిగువా నది పేరు మీద పాటు డిగువా అనే జాతిని వర్ణించారు. దాని మగది 0.37 మిల్లీమీటర్లు. సమోవా దీవుల్లో నాచులో దొరికే పాటు మార్‌ప్లెసీ కూడా అర మిల్లీమీటరు లోపే. ప్రపంచంలో అతి చిన్న సాలీడు ఏదని ఎవరన్నా అడిగితే చెప్పే పేర్లు ఈ రెండే.

0.37 అంటే ఎంతో నాకూ మొదట తట్టలేదు. మా ఊరి లెక్కలో చెప్తా. ఒక పత్తి పోగు మందం ఇంచుమించు 15 నుంచి 20 మైక్రాన్లు. అలాంటి పోగులు ఇరవై పక్కపక్కన పేరిస్తే ఎంత వెడల్పో ఆ సాలీడు పొడవు అంత. మిరప పూతలో పాకే నల్ల తామర పురుగు ఒక మిల్లీమీటరు ఉంటుంది. అంటే తామర పురుగు కూడా దీని పక్కన బర్రెగొడ్డు లాంటిదే.

ఇంత చిన్నగా అయ్యే దారిలో ఇవి చాలా సామాను వదిలేశాయి. సాలీళ్లకి సాధారణంగా ఎనిమిది కళ్లుంటాయి, వీటిలో చాలావాటికి ఆరు, కొన్నిటికి నాలుగే. మిగతా సాలీళ్లకి నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే రెండు అవయవాలు వీటి ఆడవాటికి లేవు. పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు కూడా లేవు, వాటి బదులు సన్నటి గాలి గొట్టాలే ఒంట్లోకి ఆక్సిజన్ తీసుకెళ్తాయి.

కానీ వలని వదల్లేదు. ఈ కుటుంబంలో పాటు లాంటి రకాలు నేలకి సమాంతరంగా, పళ్లెం పరిచినట్టు వల అల్లుతాయి. జిగురు సుడి పూర్తయ్యాక కూడా ఊరుకోవు, మధ్య నుంచి మళ్లీ అదనపు ఆకులు వేస్తాయి. అందుకే వీటి వలలో ఆకులు చాలా ఎక్కువ, చూడ్డానికి జల్లెడలా దట్టంగా ఉంటుంది. అన్నీ అల్లుతాయని కూడా కాదు. పనామాలో కురిమాగువా అనే రకం వల మానేసి, పెద్ద సాలీడు ఇంట్లోనే కాపురం పెట్టి, అది తినే ఆహారంలోనే వాటా తింటుంది. మెస్ బిల్లు కట్టకుండా ఫ్రెండ్ ప్లేట్లో తినేవాళ్లు మన హాస్టల్లోనే కాదు, అక్కడా ఉన్నారన్నమాట.

చిన్న మెదడు తప్పులు ఎక్కువ చేస్తుందా?

ఇది మనలో ఎవరికైనా వచ్చే అనుమానమే. చౌక ప్రాసెసర్ పెడితే అవుట్‌పుట్ నాసిగా ఉండాలి కదా? విలియం ఎబర్‌హార్డ్ అనే శాస్త్రవేత్త కోస్టారికా, పనామాల్లో దశాబ్దాల తరబడి సాలీళ్ల వలలు చూస్తూ గడిపారు. ఆయన 2007లో అచ్చయిన ఒక పరిశోధనలో సరిగ్గా ఈ అనుమానాన్నే పరీక్షకి పెట్టారు.

ఆయన తీసుకున్న చిన్న సాలీడు అనాపిసోనా సైమోనీ. ఇది సింఫిటోగ్నాతిడేకి పక్కింటి కుటుంబం, నేను పైన చెప్పిన దగ్గరి చుట్టాల్లో ఒకటి. దీని పిల్లల బరువు 0.005 మిల్లీగ్రాముల కన్నా తక్కువ. కొలిచింది ఏమిటంటే, జిగురు సుడిలో ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం ఎంత నిలకడగా ఉందో. పెద్ద సాలీడు వలలో ఆ ఎడం ఎంత పొందిగ్గా ఉందో, చిన్నదాని వలలోనూ అంతే పొందిగ్గా ఉండాలా, లేక చిన్నది చేయి జారి ఎగుడుదిగుడుగా అల్లుతుందా?

జవాబు: తేడా లేదు. చిన్న సాలీడు తప్పులు ఎక్కువ చేయలేదు. చిన్న వలకి తగ్గట్టు చిన్న ఎడమే, కానీ పెద్దవాళ్లంత ఖచ్చితంగా.

నాకు ఇది చదివినప్పుడు సంతోషం వేసింది. వెంటనే ఇంకో ప్రశ్న. మరి ధర ఎవరు కట్టారు? మన సబ్జెక్టుల్లో ఏదీ ఊరికే రాదు. స్పీడు పెంచితే పవర్ తింటుంది, ఏరియా తగ్గిస్తే వేడి పెరుగుతుంది. ఇక్కడ కూడా బిల్లు ఎక్కడో పడి ఉండాలి.

బిల్లు ఎక్కడ పడిందో 2011లో బయటపడింది. పనామాలోని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ వాళ్లు తొమ్మిది జాతుల సాలీళ్లని కోసి, వాటి నాడీ వ్యవస్థ ఎంత చోటు తీసుకుంటోందో కొలిచారు. అందులో అన్నిటికన్నా పెద్దది నెఫిలా. మన తూర్పు కనుమల అడవుల్లో చెట్ల మధ్య పసుపు దారంతో వల కట్టే పెద్ద అడవి సాలీడు దాని చుట్టమే. అన్నిటికన్నా చిన్నదానికీ ఆ పెద్దదానికీ బరువులో తేడా దాదాపు నాలుగు లక్షల రెట్లు.

నెఫిలా ముందు భాగంలో, అంటే తల, ఛాతీ కలిసిపోయిన ముక్కలో, మెదడుకి కావాల్సినంత చోటు ఉంది. చిన్నవాటికి వచ్చేసరికి ఆ గదిలో దాదాపు 80 శాతం మెదడే నిండిపోయింది. అదీ చాలక మెదడు కాళ్లలోకి జారింది! కాళ్లలో కూడా పాతిక శాతం దాకా చోటు నాడీ కణజాలమే ఆక్రమించింది. కొన్ని పిల్ల సాలీళ్లకి ఛాతీ కింది పలక బయటికి ఉబ్బి ఉంటుంది. లోపలున్నది మెదడే. చిన్న సూట్‌కేసులో పెద్ద సామాను కుక్కి, మూత మీద కూర్చుని జిప్ వేసినట్టు.

జీర్ణాశయం, కండరాలు ఉండాల్సిన చోటుని మెదడు తీసేసుకుంది. అంటే ఆ చిన్న సాలీడు నాణ్యత తగ్గించుకోలేదు, దాని మూల్యం తన ఒంటితో కట్టింది.

మెదడుని ఎందుకు కుదించలేదు?

జంతువు చిన్నదయ్యే కొద్దీ ఒంటితో పోలిస్తే మెదడు వాటా పెరుగుతుందన్న విషయాన్ని పద్దెనిమిదో శతాబ్దంలోనే హాలర్ అనే స్విస్ శాస్త్రవేత్త గమనించాడు. మనిషి మెదడు ఒంటి బరువులో రెండు మూడు శాతమే. కారణం మాత్రం మన ఈసీఈ వాళ్లకి బాగా అర్థమయ్యేది.

జంతువు చిన్నదైనంత మాత్రాన దాని కణాలు అదే నిష్పత్తిలో చిన్నవి కావు. ప్రతి నాడీ కణంలో కేంద్రకం ఉండాలి, అందులో మొత్తం డీఎన్ఏ పట్టాలి. దానికంటూ ఒక కనీస పరిమాణం ఉంది. ఇక తీగలు, అంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి సిగ్నల్ తీసుకెళ్లే పోగులు. వాటినీ ఎంతైనా సన్నగా లాగలేం. ఆ పోగు గోడలో అయాన్లు వెళ్లే తలుపులుంటాయి. అవి అప్పుడప్పుడు ఏ సిగ్నలూ రాకపోయినా వాటంతటవే తెరుచుకుంటాయి. పోగు లావుగా ఉంటే ఒక్క తలుపు తెరుచుకున్నా ఏం కాదు. మందం 0.1 మైక్రాన్ దరిదాపుకి దిగితే ఆ ఒక్క తలుపే దొంగ సిగ్నల్ పుట్టించగలదు. నాయిస్ సిగ్నల్‌ని మింగేస్తుంది. ట్రాన్సిస్టర్ సైజు తగ్గించేటప్పుడు లీకేజీ గురించి మనకి క్లాసులో చెప్పేది గుర్తొచ్చిందా? ప్రకృతికి కూడా అలాంటి గోడే అడ్డం వచ్చింది.

ఇంకో చిక్కు స్కేలింగ్‌ది. పొడవు పదో వంతు అయితే ఒంటి ఉపరితలం వందో వంతు, ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతాయి. అంటే చిన్న ఒంటికి లోపల ఉన్న నీళ్లు తక్కువ, ఆరిపోయే చర్మం ఎక్కువ. ఎండలో పెడితే నిమిషాల మీద ఎండిపోయే వ్యవహారం. అందుకే సింఫిటోగ్నాతిడే సాలీళ్లు ఎక్కువగా ఉష్ణమండల అడవుల్లో, తడి ఆకు చెత్తలో, నాచులో, గుహల్లో బతుకుతాయి. 2009లో పోర్చుగల్‌లోని ఒక గుహ నుంచి అనాపిస్టులా అటాయిసినా అనే జాతిని వర్ణించారు. అర మిల్లీమీటరు సాలీడు, చీకట్లోనే బతుకు. ఆ గుహ చుట్టుపక్కల తవ్వకాలు జరిగి లోపలి తేమ పోతే దానికి వెళ్లడానికి ఇంకో ఊరు లేదు.

మే నెలలో నెర్రెలు విచ్చే మా నల్లరేగడి అలాంటివాటికి ఇల్లు కాదు. మా చేలో ఉండేవి వాటి దూరపు చుట్టాలు: నియోస్కోనాలు, వల మధ్యలో తెల్లటి గుణకారం గుర్తు వేసే ఆర్జియోపిలు, కాలవ పక్కన గడ్డిలో పొడుగు కాళ్ల టెట్రాగ్నాతాలు. కానీ పైన చెప్పిన సూత్రం వీటి పిల్లలకీ వర్తిస్తుంది. పొద్దున నేను చూసిన ఆవగింజ కూడా ఒళ్లు చాలని మెదడుతోనే అంత పద్ధతిగా అల్లింది.

కనిపించేవే మనకి లెక్క

సాలీళ్లలో ఇప్పటిదాకా వర్ణించిన జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. అందులో సింఫిటోగ్నాతిడే వాటా వందకి అటూఇటూ. మన రాష్ట్రం నుంచి ప్రపంచ ప్రసిద్ధి పొందిన సాలీడు ఒకటుంది, గుత్తి పేరుతోనే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన పీసిలోథీరియా మెటాలికా. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఈ నీలం రంగు సాలీడు అసలు ఇల్లు అక్కడ కాదు. వందేళ్ల తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మళ్లీ కనిపించింది. అరచేతి సైజు, మెరిసే నీలం. అందుకే విదేశాల్లో పెంచుకునేవాళ్లు ఎగబడ్డారు, అడవిలో అది అంతరించే దశకి వచ్చింది. పెద్దగా, అందంగా ఉంటే పట్టుకుపోతాం. చిన్నగా ఉంటే ఉందనే తెలియదు. రెండో రకం నష్టానికి ఫొటో కూడా మిగలదు.

ఇక్కడే మా చేను సంగతి.

2021 మొదట్లో గుంటూరు జిల్లా మిరప తోటల్లో కొత్త తామర పురుగు కనిపించింది. త్రిప్స్ పార్విస్పైనస్, మావాళ్ల మాటలో నల్ల తామర పురుగు. ఆ ఏడాది చివరికల్లా అది ఊళ్లకి ఊళ్లనే ముంచింది. నేనప్పుడు పదో తరగతి. పూత విప్పి చూస్తే లోపల నల్లగా పాకుతుండేవి. పూత రాలేది, పిందె నిలిచేది కాదు. నాన్న తైవాన్ పంపు భుజాన వేసుకుని మూడు రోజులకోసారి మందు కొట్టాడు. ఒక మందు పని చేయకపోతే రెండు కలిపి, రెండూ కాకపోతే మూడు కలిపి. మందుల కొట్టాయన ఏది చెబితే అది, అప్పు మీద. ఎకరాకి ఇరవై క్వింటాళ్లు రావాల్సిన చోట ఆరు వచ్చాయి. కౌలు మాత్రం మొత్తం కట్టాం. ఆ ఏడు అమ్మ చెవి కమ్మలు ఇంట్లో లేవు.

నాయనమ్మ అప్పుడొక మాట అంది. "మా కాలంలో తెల్లదోమ ఏడూ ఇట్టానే అయిందమ్మా. కొట్టేకొద్దీ పెరిగింది గానీ తగ్గలా." అది చాదస్తం అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, 1980 దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో జరిగింది అదే. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొత్తగా వచ్చాయి, విపరీతంగా కొట్టారు. మందుకి మొండికేసిన పురుగు మిగిలింది, దాన్ని తినే జీవులు పోయాయి. తెల్లదోమ విరుచుకుపడింది, వెనకే శనగపచ్చ పురుగు. 1987-88 సీజన్లో పత్తి రైతుల ఆత్మహత్యలు ఈ నేల మీదే మొదటిసారి పెద్ద వార్త అయ్యాయి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. సాలీళ్లుంటే నల్ల తామర పురుగు వచ్చేది కాదని నేను అనట్లేదు. అది పూత లోపల దాక్కుంటుంది, వల బయట ఉంటుంది. కానీ ఎగిరే తెల్లదోమ, పచ్చదోమ, రెక్కల పేనుబంక ఇలాంటి వలల్లో పడతాయి. చాలా రకాల మందులకి దోమ, సాలీడు అనే తేడా లేదు. పైగా ఈ నేతగాళ్లకి ఇంకో అలవాటుంది. పాత వలని పారేయవు, తినేసి ఆ మాంసకృత్తులతోనే కొత్త దారం తీస్తాయి. వల మీద మందు తుంపర పడితే, ఆ మందు కూడా వలతో పాటు కడుపులోకి పోతుంది. ఆ ఏడు మా చేలో ఒక్క వల చూసిన గుర్తు కూడా నాకు లేదు. అప్పుడు నేను వెతకలేదు కూడా.

తర్వాతి ఏడు నుంచి నాన్న పద్ధతి కొంచెం మార్చాడు. చేను చుట్టూ మూడు వరసల జొన్న, నీలి రంగు జిగురు అట్టలు, మొదట్లో వేప నూనె. మందు పూర్తిగా మానలేదు, మానగలిగే స్థితి కూడా కాదు. కానీ పురుగు లెక్కపెట్టి, అవసరమైతేనే కొడుతున్నాడు. నేను ఆ వల చూసింది ఆ జొన్న వరసలోనే.

మీరూ చూడొచ్చు

ఈసారి ఊరెళ్తే ఇలా చేయండి. ల్యాబ్ అక్కర్లేదు.

1. సూర్యుడు పైకి రాకముందే వెళ్లండి. మంచు ఉంటే వలలు వాటంతటవే కనిపిస్తాయి. లేకపోతే శుభ్రమైన స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు సన్నగా చల్లండి. పురుగుమందు పోసిన డబ్బా మాత్రం వాడొద్దు.

2. పది అడుగుల గట్టు తీసుకుని వలలు లెక్కపెట్టండి. అరచేతి కన్నా చిన్నవి వేరుగా రాసుకోండి. మనం వదిలేసేవి అవే.

3. ఒక వలకి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఆకులు ఎన్ని, జిగురు చుట్ల మధ్య ఎడం ఎంత, లెక్కేయండి. అదే చేలో పెద్ద వలతో పోల్చండి. ఎబర్‌హార్డ్ వేసిన ప్రశ్నే ఇది. మీకు కావాల్సింది ఫోనూ, ఓపికా.

4. సాలీడుని పట్టుకోవద్దు. దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

ఫొటోలు మన క్లబ్ గ్రూపులో పెడితే వచ్చే సంచికలో వేద్దాం. ఏ ఊరు, ఏ పంట, మందు కొట్టి ఎన్ని రోజులైంది, ఈ మూడూ తప్పకుండా రాయండి. తెలుగు పేరు తెలిస్తే అదీ రాయండి. ఎకరాల కొద్దీ పంట పండించే మన దగ్గర ఈ చిన్నవాటికి సాలీడు అనే ఒక్క పేరు తప్ప వేరే పేర్లు నాకు వినపడలేదు. మీ అమ్మమ్మల దగ్గర ఉన్నాయేమో అడగండి.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. ధర ఎంత ఉంది, రెండో కోత ఎప్పుడు, ల్యాబ్ ఇంటర్నల్స్ ఎట్టా రాశావు, అన్నీ అయ్యాక పెట్టేయబోతూ ఆగాడు.

"అమ్మాయ్, పొద్దున మంచులో ఉత్తరం గట్టు మీద చూశా. మీ ఇంజనీర్లు పదకొండు మంది ఉన్నారు. ఎల్లుండి మందు కొట్టాలనుకున్నా గానీ, పురుగు ఇంకా అంత లేదులే. నాలుగు రోజులు ఆగి చూస్తా."